పాత బావికి కేసింగ్ మరమ్మతా? ఫైల్లో ఉన్న అంకెను నమ్మకండి

కోనసీమలో చమురు బావి ప్రమాదం అనగానే అందరికీ పాశర్లపూడే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న మొదలైన బ్లోఅవుట్ (గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నడం) మంట 65 రోజులు ఆరలేదు. అది తవ్వుతుండగా జరిగింది. ఏళ్ల తరబడి గ్యాస్ ఇచ్చిన పాత బావితో వచ్చే చిక్కు వేరు. అక్కడ కేసింగే, అంటే బావి గోడగా దించిన ఉక్కు పైపే, మనల్ని మోసం చేస్తుంది.

ఐదున్నర అంగుళాల వ్యాసం, అడుగుకు 17 పౌన్ల బరువు ఉన్న జె-55 రకం ఉక్కు కేసింగ్ తీసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు గోడ మందం 7.72 మిల్లీమీటర్లు, లోపలి నుంచి 5,320 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడి దాకా తట్టుకుంటుంది. ఫైల్లో ఉండేది ఈ అంకే. తుప్పు సగం మందం తినేసిన చోట బలం కూడా సుమారు సగానికి పడిపోతుంది. ఆ సంగతి తెలియకుండా పాత అంకెతో ప్రెషర్ టెస్ట్ చేస్తే, లేని చిల్లు మనమే పెట్టినట్టవుతుంది.

రిగ్ రాకముందే యాన్యులస్ (పైపుకూ పైపుకూ మధ్య ఖాళీ) గేజీలు చూడండి, బయటి కేసింగ్‌ది కూడా. ఒత్తిడి ఉంటే నెమ్మదిగా వదిలి, వాల్వు మూసి, ఎంతసేపట్లో ఎంత పెరిగిందో రాసుకోండి. వేడికి పెరిగిన ఒత్తిడైతే ఒకసారి వదిలాక మళ్లీ అంతగా రాదు. పదేపదే వస్తోందంటే ఎక్కడో దారి ఉన్నట్టే. సెల్లార్‌లో (బావి తల చుట్టూ ఉన్న గుంటలో) నీళ్లుంటే తోడించే ముందు బుడగలు వస్తున్నాయేమో చూడండి. మన దగ్గర గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండదులే అని డిటెక్టర్ వదిలేయకండి. నిలవ నీటిలో బ్యాక్టీరియా దాన్ని పుట్టించగలదు. 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన రాలేదంటే గ్యాస్ లేదని కాదు.

అసలు టెన్షన్ బావిని కిల్ చేసేటప్పుడు, అంటే ద్రవం నింపి దాని బరువుతో గ్యాస్ పైకి రాకుండా ఆపేటప్పుడు. పైనుంచి బలంగా పంపు చేస్తే ఆ ఒత్తిడంతా పలచబడ్డ చోట పడుతుంది. వీలైతే సర్క్యులేట్ చేసే, అంటే ద్రవాన్ని ఒక దారిన పంపి మరో దారిన పైకి రప్పిస్తూనే, కిల్ చేయండి. వెయ్యి మీటర్ల మంచినీళ్లే చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 కిలోల ఒత్తిడి పెడతాయి, ఉప్పునీళ్లయితే ఇంకా ఎక్కువ. చిల్లులోంచి ఆ ద్రవం కారిపోతే మట్టం తగ్గుతుంది, కింద గ్యాస్ లేస్తుంది. అందుకే ట్యూబింగ్ (గ్యాస్ పైకి వచ్చే లోపలి పైపు) లాగుతున్నంతసేపూ బావి నిండుగా ఉండాలి, ఎంత పోస్తున్నామో లెక్క ఉండాలి. బీఓపీ (అవసరమైతే బావి నోరు మూసే పెద్ద వాల్వులు) పరీక్ష పూర్తికాకుండా ట్యూబింగ్ కదపకండి.

తర్వాత చిల్లుకు కింద బ్రిడ్జ్ ప్లగ్ (పైపును అడ్డంగా మూసే బిరడా) వేసి, అది ఆగుతోందో లేదో చూసి, పైన కాస్త ఇసుక పోయండి. పైపు లోపలి వ్యాసం కొలిచే కాలిపర్ చెప్పేది లోపలి గుంటల సంగతే. బయటినుంచి తిన్న తుప్పుకు గోడ మందం కొలిచే విద్యుదయస్కాంత లాగ్ (బావిలోకి పరికరం దించి తీసే రికార్డు) కావాలి. స్క్రేపర్‌ని (గోడను గీకి శుభ్రం చేసే పరికరాన్ని) నెమ్మదిగా దించండి.

ఒక్క చిల్లయితే సిమెంట్ స్క్వీజ్ (చిల్లులోకి ఒత్తిడితో సిమెంట్ ఎక్కించడం) సరిపోవచ్చు. పదుల మీటర్లు పాడైతే మాత్రం నేను దాన్ని నమ్మను. చివికిన గుడ్డకు కుట్టేస్తే కుట్టు పక్కనే చిరుగుతుంది. అప్పుడు లోపలివైపు అతికే లోహపు ప్యాచో, లోపల చిన్న లైనరో (ఇంకో సన్నటి పైపు) వేయాలి. బావి ఇరుకవుతుంది కాబట్టి రేపు దించాల్సిన ప్యాకర్ (ట్యూబింగ్ చుట్టూ ఖాళీని మూసే సీలు) అందులో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ట్యూబింగ్ లాగడం మొదలుపెట్టకండి. పని ముగిశాక కొత్త మందం, పరీక్షించిన ఒత్తిడి, తేదీ ఫైల్లో ఆ పాత అంకె పక్కనే రాయండి.