తరాలు నిలిచే కారు డీలర్‌షిప్‌ను నడపడం ఎలా?

కారు షోరూం బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కంపెనీది, కింద చిన్నగా ఉండేది మీది. పై పేరు ఎప్పుడు పోతుందో చెప్పలేం. 2017 చివరికి మన దేశంలో షెవర్లే అమ్మకాలు ఆగిపోయాయి. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీకి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. ఆ రెండింటినీ నమ్ముకుని షోరూములు కట్టిన కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. కింది పేరు నిలవాలంటే ఇలా చేయండి.

1. ఒప్పందాన్ని చివరి పేజీ నుంచి చదవండి. కంపెనీ వెళ్లిపోతే మిగిలిన విడిభాగాలను, ప్రత్యేక పనిముట్లను ఎవరు వెనక్కి తీసుకుంటారో సంతకానికి ముందే తేల్చుకోవాలి. స్థలం సొంతమైతే కుటుంబం పేరిటే ఉంచి, వ్యాపారానికి అద్దెకివ్వండి. దాన్ని స్టాకు అప్పుకు తాకట్టు పెట్టకండి.

2. స్టాకును కార్లలో కాదు, రోజుల్లో లెక్కపెట్టండి. యార్డులో నిలబడ్డ ప్రతి కారు మీద బ్యాంకు వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మూడు వారాలకు సరిపడా స్టాకు చాలని డీలర్ల సమాఖ్య ఫాడా చెబుతుంది. 2024 పండుగల ముందు దేశంలో అది రెండున్నర నెలలు దాటింది. నెలాఖరున టార్గెట్ పేరుతో కంపెనీ అదనంగా బండ్లు పంపుతానంటే, వచ్చే ప్రోత్సాహకం ఎంత, కట్టాల్సిన వడ్డీ ఎంత అని కాగితం మీద వేసి చూడండి. ఆషాఢంలో మన దగ్గర కొనుగోళ్లు మందగిస్తాయని ఎక్కడో ఉన్న కంపెనీ అధికారికి మీరే గుర్తుచేయాలి. నిబంధనలు మారే ముందు మరీ జాగ్రత్త. 2020 ఏప్రిల్ 1న కొత్త కాలుష్య ప్రమాణం బీఎస్-6 అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ ముందు వారంలోనే లాక్‌డౌన్ రావడంతో చాలామంది దగ్గర పాత ప్రమాణం బండ్లు అమ్ముడుపోక ఇరుక్కుపోయాయి.

3. వర్క్‌షాపు దగ్గర కూర్చోండి. అసలు వ్యాపారం అక్కడే ఉంది. కొత్త కారు మీద మిగిలేది కొద్ది, అందులోనూ డిస్కౌంటు కొంత తింటుంది. సర్వీసు, విడిభాగాల లాభంతోనే జీతాలు, అద్దె, కరెంటు బిల్లు గడిచిపోతే అమ్మకాలు పడిపోయిన ఏడాది కూడా తట్టుకోగలరు. ప్రతి నెలా ఈ ఒక్క లెక్క చూడండి. జాబ్ కార్డులో, అంటే బండికి చేయాల్సిన పనులు రాసుకున్న చీటీలో, లేని పని చేసే ముందు కారు యజమానికి ఫోన్ చేయాలి, తీసేసిన పాత భాగాన్ని చూపించాలి. వారంటీ ముగిసేవేళ కస్టమర్ బయటి మెకానిక్ వైపు చూస్తాడు. ఫోను చేయాల్సింది అప్పుడు. అతను తండ్రి కాలం నుంచీ ఉన్న మేస్త్రీని పేరు పెట్టి అడుగుతాడు కాబట్టి, ఆ మేస్త్రీని పోగొట్టుకోకండి. ఎలక్ట్రిక్ కార్లకు ఇంజిన్ ఆయిలు మార్పిడి ఉండదు, ఆ ఆదాయం తగ్గుతుంది. డెంటింగ్, పెయింటింగ్ విభాగాన్ని ఇప్పటి నుంచే పెంచుకోవాలి.

4. ఇంటి ఖర్చును గల్లాపెట్టెతో కలపకండి. పనిచేసే ప్రతి కుటుంబ సభ్యుడికీ జీతం, పనిచేయనివారికి లాభంలో వాటా. పెళ్లి ఖర్చులు ఈ రెండింటి నుంచే రావాలి. కొడుకైనా కూతురైనా ముందు సర్వీసు కౌంటరులో కోపంగా ఉన్న కస్టమర్లను ఎదుర్కొని, ఆ తర్వాతే క్యాబిన్‌లోకి రావాలి.

5. విడిపోయే పద్ధతిని అందరూ సఖ్యంగా ఉన్నప్పుడే రాసుకోండి. 1911లో మదురైలో బస్సు సర్వీసుతో మొదలైన టీవీఎస్ కుటుంబం 2020లో పంపకాలపై రాతపూర్వక ఒప్పందానికి వచ్చింది. అంత పెద్ద కుటుంబానికే కాగితం అవసరమైంది. వాటాకు వెల ఎవరు కడతారు, ఎన్ని వాయిదాల్లో చెల్లించాలి, బయటికెళ్లినవారు అదే ఊళ్లో పోటీ షోరూం పెట్టవచ్చా అన్నవి అందులో ఉండాలి.