సంక్రాంతికి షాపు మూసి ఊరెళ్లే ముందు

• నెలనెలా జీఎస్టీ ఫైల్ చేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను) గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి (మొత్తం లెక్క చూపి పన్ను కట్టే రిటర్ను) 20. మొదటిది భోగికి ముందే అయిపోవాలి. రెండోదాని లెక్కలు కూడా ఆడిటర్ చేతిలో పెట్టి బయల్దేరండి.

• పాత ఖాతాదారులకు వారం ముందే చెప్పండి. ఎప్పుడు తెరుస్తారో షట్టర్ మీద కాగితం, వాట్సాప్ స్టేటస్‌లో అదే మాట.

• కుర్రాళ్ల పండగ డబ్బులు ముందే.

• గల్లాపెట్టె ఖాళీ చేయండి. ఫ్రిజ్ తప్ప స్విచ్‌లన్నీ ఆపండి.

• అసలు చిక్కు ఫోన్‌తోనే. పోయినేడు అరిసెల పాకం చూడమంటే సప్లయర్‌తో రేటు మాట్లాడుతూ కూర్చున్నాను. పాకం ముదిరిపోయింది, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఈసారి షాపు సిమ్ మేనేజరుకే ఇచ్చేస్తున్నా. బ్యాంకు ఓటీపీలొచ్చే నంబరైతే మాత్రం ఎవరికీ ఇవ్వకండి.