తుపాను రోజులు రాకముందే: మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళ ఇంట్లో జాగ్రత్తలు

ఇంట్లో డెబ్బై దాటిన అమ్మో, నాన్నో, అత్తయ్యో, మామయ్యో ఉండి, ఈ మధ్య కళ్ళజోడు, తాళాలు, పర్సు తరచుగా వెతుక్కుంటున్నారా? అయితే దసరాకి ఇల్లు దులపడం మొదలుపెట్టకముందే ఇది చదవండి.

విశాఖ వాళ్ళకి అక్టోబరు, నవంబరు వచ్చాయంటే తుపాను టెన్షన్. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. ఆ ఏడు దసరా అక్టోబరు 3న. అంటే పండక్కి ఇల్లంతా సర్దేసి, ఏది ఎక్కడ పెట్టామో మనకే సరిగ్గా గుర్తులేని రోజుల్లో గాలి వచ్చిపడింది. మా మామయ్యగారికి అప్పటికి మరుపు ఇంకా మొదట్లోనే ఉంది. పోర్టులో స్టోర్సు చూసిన మనిషి, ఏ సామాను ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఆ రాత్రి కరెంటు లేదు. టార్చి కోసం ఆయన లేచి, ఎప్పుడూ బీరువా ఉండే మూలకి వెళ్ళారు. ఆ బీరువాని నేనే పండగ ముందు పక్కగదిలోకి జరిపించాను. చీకట్లో ఖాళీ గోడని అరచేత్తో తడుముతూ, "అమ్మా, బీరువా ఏదీ?" అని అడిగారు. తన సొంత ఇంట్లో, నలభై ఏళ్ళు తిరిగిన గదిలో.

అందుకే నా మొదటి మాట: మరుపు ఉన్న మనిషి ఇంట్లో దసరా దులుపుళ్ళకి సామాను చోటు మార్చకండి. దులపండి, తుడవండి, మళ్ళీ ఉన్నచోటే పెట్టండి. తల మర్చిపోయినా చెయ్యి చాలాకాలం మర్చిపోదు. కొత్తగా నేర్చుకోవడం ముందు పోతుంది, పాత అలవాటు ఆఖర్న పోతుంది. రోజూ చెయ్యి చాచే చోట వస్తువు ఉంటే సగం మరుపు బయటపడదు. పైగా తుపాను రాత్రి చీకట్లో మనిషిని నడిపించేది ఆ చెయ్యే.

వస్తువులు పోవడంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. తాళం ఎక్కడ పెట్టామో గుర్తులేకపోవడం చాలాసార్లు మరుపే కాదు. పెట్టేటప్పుడు మనసు ఇంకెక్కడో ఉంటుంది, అసలు మనసులో పడనిదాన్ని తర్వాత ఎంత వెతికినా ఏం దొరుకుతుంది? అందుకని పెట్టేటప్పుడు పైకి చెప్పుకోవడం అలవాటు చెయ్యాలి: "తాళం మేకుకి పెట్టాను." మా అత్తయ్య ఇలా చెప్పుకుంటుంటే మొదట్లో పిల్లలు వింతగా చూశారు, ఇప్పుడు వాళ్ళూ అంటున్నారు. పోయినప్పుడు కూడా "ఎక్కడ పెట్టారు?" అని అడిగి లాభం లేదు, అది తెలిస్తే వెతుక్కోరు కదా. "బయటినుంచి రాగానే ముందు ఎటు వెళ్ళారు? కాళ్ళు కడుక్కున్నారా? మంచినీళ్ళు తాగారా?" అని అడుగుతూ ఆ దారినే వాళ్ళతో కలిసి నడవండి.

గుమ్మం పక్కన మూత లేని స్టీలు పళ్ళెం ఒకటి పెట్టండి. తాళాలు, పర్సు, ఫోను, కళ్ళజోడు అందులోనే. సొరుగు వద్దు, ఎందుకంటే మూసేసిన సొరుగులో వస్తువు ఉందన్న సంగతే వాళ్ళకి గుర్తుండదు. కళ్ళజోడు మాత్రం రెండు జతలు చేయించండి. రెండోది మీ దగ్గర ఉంచుకోండి.

"భద్రంగా దాచడం" దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మతిమరుపు ముదిరేకొద్దీ పెద్దవాళ్ళకి ఏదో పోతుందన్న భయం ఎక్కువై, మరీ జాగ్రత్త చేస్తారు. మా ఇంట్లో పాస్‌బుక్కు బియ్యం డబ్బాలో దొరికింది, కళ్ళజోడు కేసు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దొరికింది. ఆ జోడు తీసి పెట్టుకోగానే మన ఊరి ఉక్కకి అద్దాలు మసకబారిపోయాయి. మామయ్యగారు తీసి పంచెతో తుడుచుకున్నారు, మళ్ళీ పట్టేసింది, మళ్ళీ తుడుచుకున్నారు. అప్పుడు నావైపు చూసిన చూపులో కోపం లేదు, భయం ఉంది. ఆ చూపు చూశాక నేను "ఫ్రిజ్‌లో ఎవరైనా పెడతారా?" అని ఇంకెప్పుడూ అనలేదు. మీరూ అనకండి. దొరకనప్పుడు పనమ్మాయి తీసిందనో, కోడలు దాచిందనో అంటారు. అది జబ్బు మాట, మనసులో మాట కాదు. వాదించకుండా "కలిసి వెతుకుదాం రండి" అనండి. వాళ్ళు దాచే చోట్లు నాలుగైదే ఉంటాయి, దిండు గలీబు, బీరువాలో చీరల మడతలు, పూజ అల్మారా ఇలాంటివి. అవి రాసిపెట్టుకుంటే పనమ్మాయి మీద నింద పడకముందే వస్తువు దొరుకుతుంది.

వయసు మరుపా, జబ్బా అన్నది తుపాను ముందే తేల్చుకోవడం మంచిది. తాళం ఎక్కడో పెట్టి వెతుక్కోవడం వయసు మరుపు కావచ్చు. తాళం చేతిలో పట్టుకుని ఇది దేనికని అడిగితే, తెలిసిన రైతుబజారు నుంచి ఇంటికి దారి తప్పితే, అడిగిందే పదినిమిషాలకోసారి అడుగుతుంటే డాక్టరుకి చూపించాలి. నయమయ్యే కారణాలు చాలా ఉన్నాయి: థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం, దిగులు, సరిగా వినపడకపోవడం, జలుబుకీ నిద్రకీ వేసుకునే కొన్ని మాత్రలు. షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి బి12 తగ్గే అవకాశం ఎక్కువ, ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒక్కరోజులో తికమక పడి, పొంతన లేకుండా మాట్లాడితే ఆలస్యం చెయ్యకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల, ఒంట్లో సోడియం పడిపోవడం వల్ల కూడా అలా అవుతుంది. మన ఊరి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో నరాల విభాగం ఉంది, లేదా మీ మామూలు డాక్టరు దగ్గరికైనా వెళ్ళండి. వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి.

ఇక సెప్టెంబరులో చెయ్యాల్సినవి. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచి ఒకటి తీసుకుని అందులో ఆధార్, పాస్‌బుక్కు, పెన్షన్ కాగితాలు, డాక్టరు చీటీలు పెట్టండి. అది మీ గదిలో ఉండాలి, వాళ్ళ దగ్గర ఉంచి, అడిగితే తీసుకురమ్మనేలా కాదు. అన్నిటికీ ఫొటోలు తీసి, కాగితాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోనో, ఊరవతల ఉన్న తమ్ముడి ఫోనులోనో ఉంచండి. కేంద్ర పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల నవంబరు, ఎనభై దాటినవాళ్ళకి అక్టోబరు 1 నుంచే వీలుంటుంది. వాళ్ళు గాలీవానా లేని వారంలోనే ఆ పని ముగించడం మేలు. వేలిముద్రలు పడకపోతే ఫోనులో ముఖం చూపించి ఇంటినుంచే చెయ్యొచ్చు. ఏటీఎం కార్డు మీద పిన్ రాసుకునే అలవాటు ఉందేమో చూసి చెరిపెయ్యండి. ఓటీపీ అడిగే ఫోన్లకి మరుపున్నవాళ్ళు తేలిగ్గా చిక్కుతారు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పాలి.

మాత్రలు రెండు వారాలకి సరిపడా ముందే కొని, రోజుల పేర్లున్న డబ్బాలో వేయండి. గోడ మీది షీటు క్యాలెండరులో వేసుకున్న పూట గీత పెట్టిస్తే రెండుసార్లు వేసుకోవడం తప్పుతుంది. హుద్‌హుద్‌లో ఫోన్లు పనిచెయ్యలేదు, కాబట్టి నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి. మీ నంబరుతో పాటు 108, 112, పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉండాలి. చొక్కా జేబులో పేరు, ఇంటి చిరునామా ఉన్న చీటీ ఒకటి పెట్టండి. రోజూ చొక్కా మారుస్తారు కాబట్టి నాలుగు చొక్కాల్లోనూ పెట్టాలి. ఈ మధ్య తీసిన ఫొటో మీ ఫోనులో ఉంచండి.

కొవ్వొత్తులు, కిరసనాయిలు దీపాలు వద్దు, వెలిగించి మర్చిపోతారు. టార్చిని మంచం కోడుకి నాడాతో కట్టండి. వంటయిపోగానే గ్యాసు రెగ్యులేటరు ఆపడం మీ పని, వాళ్ళకి వదలకండి.

తుపాను కన్ను ఊరి మీదినుంచి పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. హుద్‌హుద్‌లో అలాగే ఆగి, కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్ళీ విరుచుకుపడింది. మరుపున్న మనిషికి గాలి ఆగింది అంతే తెలుస్తుంది, చెప్పులు వేసుకుని పాలకో పేపరుకో బయల్దేరతారు. ఆ పూట తలుపు గడియ మీద ఇంట్లో ఒకరి కన్ను ఉండాలి. కోప్పడకుండా "కాఫీ పెడుతున్నాను, తాగి వెళ్దురు గాని" అంటే చాలు, ఆగుతారు.

ఇల్లు వదిలి బంధువుల ఇంటికి వెళ్ళాల్సి వస్తే వాళ్ళ దిండు, దుప్పటి, తాగే గ్లాసు వెంట తీసుకెళ్ళండి. కొత్తచోట సాయంత్రమయ్యేసరికి తికమక పెరుగుతుంది, "ఇంటికి పోదాం" అంటారు. బాత్రూం వైపు చిన్న లైటు వెలిగించి ఉంచండి.

చివరగా ఒక పని. సెప్టెంబరులో ఒకరోజు రాత్రి ఏడింటికి మెయిన్ ఆపి, "టార్చి కావాలండీ" అని అడిగి చూడండి. ముందే చెప్పి, మీరు పక్కనే ఉండి చెయ్యండి, భయపడకూడదు. మేము ఇలా చేస్తే మామయ్యగారు టార్చి దగ్గరికి తిన్నగా వెళ్ళారు గానీ, అది ఎలా వెలిగించాలో తెలియక బటన్ కోసం వేళ్ళతో వెతుకుతూ ఉండిపోయారు. అది పక్కకి జరిపే బటన్. మర్నాడే జగదాంబ దగ్గర నొక్కితే వెలిగేది, పెద్ద ఎర్ర బటన్ ఉన్నది కొని, పాతదాని చోటే కట్టాం.