పాము ట్యాంకులో అడుగున ఏం పరచాలి?

ట్యాంకు, దాని కింద వేడి కోసం పెట్టే హీట్ మ్యాట్, నీళ్ల గిన్నె అన్నీ ఆచితూచి కొనేవాళ్లు కూడా అడుగున పరిచే సబ్‌స్ట్రేట్ దగ్గరికొచ్చేసరికి చూడ్డానికి బాగుందని ఏదో ఒక ప్యాకెట్ తెచ్చేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే. పాము పొట్ట పగలూ రాత్రీ దానికే ఆని ఉంటుంది. అందుకే ఎవరైనా నన్ను అడిగితే, రంగు సంగతి తర్వాత, ముందు మీ పాముకు ఎంత తేమ కావాలో తెలుసుకోండి అంటాను.

నా దగ్గర కార్న్ స్నేక్, బాల్ పైథాన్ పక్కపక్క ట్యాంకుల్లో ఉంటాయి. ఒకదానికి వేసింది రెండోదానికి వెయ్యను.

కార్న్ స్నేక్‌కి ఆస్పెన్ చెక్క పొట్టు వాడతాను. అది తేలిగ్గా, పొడిగా ఉంటుంది. పాము సొరంగం చేసుకుంటే కూలిపోకుండా నిలుస్తుంది. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం వేస్తే లోపలికి దూరి హాయిగా పడుకుంటుంది. కింగ్ స్నేక్‌కి, హాగ్‌నోస్ పాముకి కూడా ఇది నప్పుతుంది. హాగ్‌నోస్ బాగా తవ్వుతుంది కాబట్టి ఇంకాస్త మందంగా వెయ్యండి. ఆస్పెన్ తడిస్తే మాత్రం బూజు పడుతుంది. నీళ్లు ఒలికిన చోట పొట్టు ఆ రోజే తీసెయ్యాలి. తేలిగ్గా దొర్లిపోని బరువైన గిన్నె పెట్టండి.

బాల్ పైథాన్‌కి గాలిలో తేమ కనీసం 60 శాతం ఉండాలి. దానికి కొబ్బరి పొట్టు, కొబ్బరి పీచు ముక్కలు కలిపి వేస్తాను. సైప్రస్ మల్చ్ (సైప్రస్ చెట్టు చెక్క తురుము) కూడా మంచిదే. మొక్కల కోసం అమ్మే పొట్టులో ఎరువు కలిపి ఉండొచ్చు, ఏమీ కలపనిదే తీసుకోండి. తేమ పెట్టడానికి పైన స్ప్రే కొట్టి వదిలెయ్యకండి. మూలల్లో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తే అడుగు పొర తేమ పట్టుకుంటుంది, పాము పడుకునే పైభాగం పొడిగా ఉంటుంది. గుప్పిట్లో పట్టి నొక్కి చూడండి: ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటే పొట్ట కింది పొలుసులు ఎర్రబడి, బొబ్బలు వస్తాయి. అలా కనిపిస్తే డాక్టరుకు చూపించాల్సిందే. మరీ ఎండిపోతే కుబుసం ముక్కలుముక్కలుగా ఊడుతుంది. కళ్ల మీద, తోక చివర కొంత అంటుకుని మిగిలిపోతుంది. ఆ టెన్షన్ లేకుండా ఒక తేమ మీటరు పెట్టుకోండి, కంటి అంచనా సరిపోదు.

సీడార్ పొట్టు అసలు వద్దు. మనకు సువాసనగా ఉండే దాని నూనెలు పాముకు విషం. పామేమో నాలుకతో గాలిలోని వాసనలన్నీ లోపలికి తీసుకునే జీవి. పైన్ పొట్టు బాగా ఆరబెట్టినదైతే పర్వాలేదని కొందరంటారు. నేను మాత్రం ఘాటు వాసన వచ్చే చెక్క ఏదీ ట్యాంకులో వెయ్యను. క్యాల్షియం ఇసుక కూడా వద్దు, కడుపులోకి పోతే గడ్డకట్టి పేగులకు అడ్డుపడుతుంది. ఇసుకలో దూరి ఉండే శాండ్ బోవా పాముకి సైతం ఉత్త ఇసుక కాకుండా మట్టి కలిపి వెయ్యడమే నాకు నచ్చుతుంది.

కొత్తగా వచ్చిన పాముకు ఇవేవీ వెయ్యకండి. మొదటి కొన్ని వారాలు తెల్లటి పేపర్ టవల్స్ చాలు. ఒంటి మీద పురుగులుంటే ఆ తెలుపు మీద నల్లటి చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి. విసర్జన ఎలా ఉందో కూడా స్పష్టంగా తెలుస్తుంది. గాయమైన పాముకూ ఇదే పద్ధతి. కాగితంలో దూరే వీలుండదు కాబట్టి ఒంటికి సరిపడా ఇరుకుగా ఉండే గూడు తప్పనిసరిగా పెట్టండి.

మేత పెట్టేటప్పుడు తడిసిన ఎలుకకు పొట్టు అంటుకుంటుంది. కింద పళ్లెమో, కాగితమో వేస్తే ఆ గొడవ ఉండదు.

విసర్జన కనిపించిన వెంటనే చుట్టూ ఉన్న గుప్పెడు పొట్టుతో సహా తీసెయ్యండి. ఆస్పెన్ మొత్తం నెలకోసారి మారుస్తాను. ఖాళీ చేసినప్పుడే హీట్ మ్యాట్ కూడా చూసుకోండి. పాము తవ్వుకుంటూ నేరుగా గాజు దాకా దిగుతుంది, పైన గోరువెచ్చగా ఉన్నా అక్కడ ఒళ్లు కాలేంత వేడి ఉండొచ్చు. మ్యాట్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే తీగ కొస) పొట్టు మీద పెట్టకుండా, మ్యాట్ ఉన్న చోట గాజుకు ఆనించి కదలకుండా బిగించండి.