హెచ్‌ఎంలకు బాలల రక్షణ – మూడో పాఠం: కమిటీ వేయకండి

ఈసారి పిల్లల అక్రమ రవాణా గురించి మొదలుపెడదామనుకున్నాను. మీ జవాబులు చదివాక అది కాస్త వెనక్కి వెళ్లింది.

పోయినసారి అభ్యాసం గుర్తుందిగా? ఏడో తరగతి పాప టీచరుతో, ‘‘ట్యూషన్ సారు అందర్నీ పంపేసి నన్నొక్కదాన్నే ఉండమంటాడు. నేనిక వెళ్లను మేడం’’ అంది. మీలో చాలామంది రాసింది ఒకటే: ముగ్గురు టీచర్లతో కమిటీ వేసి, అందర్నీ విడివిడిగా అడిగి, నిజమని తేలితే పోలీసులకు చెబుతాం. ఒకరైతే ఆ సారు దగ్గర సంజాయిషీ కూడా తీసుకున్నారు.

వద్దండీ. నిజమో కాదో తేల్చడం మన పని కాదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం కలిగినా పోలీసులకు చెప్పాల్సిందే. సంజాయిషీ అడిగిన రోజే ఆ సారు ఫోన్‌లో మెసేజ్‌లు మాయమవుతాయి, సాయంత్రానికి పాప ఇంటికి పెద్దమనుషులు వస్తారు. కమిటీ ముందు మూడుసార్లు చెప్పిన పాప నాలుగోసారి ‘‘ఏం లేదు సార్’’ అంటుంది. అప్పుడు మీరు ‘ఆరోపణ రుజువు కాలేదు’ అని రాసి ఫైలు మూసేస్తారు.

ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి ఫోన్ చేశాం అని ఇంకొందరు రాశారు. చేయండి, కానీ అది పోలీసులకు చెప్పినట్టు కాదు. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. నిందితుడు మీ కింద పనిచేసే వాడైతే మీకు ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద మాత్రం కేసు ఉండదు. జీపు స్కూలు ముందు ఆగుతుందని టెన్షన్ పడకండి. పాప వాంగ్మూలం ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు.

పాప మాటల్ని ‘లైంగిక వేధింపులకు గురైనట్లు తెలిపింది’ అని మార్చి రాసినవాళ్లకు మార్కులు లేవు. పాప ఆ మాట అనలేదు. నేనైతే లాంగ్ నోట్‌బుక్‌లో తేదీ, టైము వేసి, తను అన్నది అన్నట్టే పెన్నుతో రాస్తాను. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టడం సంగతి చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక అక్రమ రవాణా, క్లుప్తంగా. దసరా తర్వాత బడికి రాని పిల్లల్లో టీసీ అడగనివాళ్లను విడిగా చూడండి. ‘‘పిన్ని వాళ్లింట్లో ఉంది’’ అంటే ఏ ఊరు, ఏ బడి అని అడగండి. జవాబు తడబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ‘‘ఇష్టపడే వెళ్లింది’’ అన్న మాట చెల్లదు. భారతీయ న్యాయ సంహిత అక్రమ రవాణా గురించిన 143వ సెక్షన్‌లో బాధితుల సమ్మతికి విలువ లేదు.

అభ్యాసం: రేపు మధ్యాహ్నంలోపు మీ స్టేషన్‌కు స్వయంగా వెళ్లి, బాలల కేసులు చూసే అధికారి నంబరు తెచ్చుకోండి. తర్వాత హాజరు పట్టీలో వరుసగా పది రోజులు రాని ప్రతి పేరు ఎదురుగా, ఆ పిల్లను చివరిసారి ఎవరు కళ్లారా చూశారో రాయండి. ‘తెలియదు’ అని ఉన్న పేర్లతో నాలుగో పాఠం మొదలుపెడదాం. ఆ పేర్లు నాకు పంపకండి, ఎన్ని ఉన్నాయో చెబితే చాలు.