చెన్నై ఉక్కపోతలోనూ గుల్లగా వచ్చే చీజ్ కారం బిస్కెట్లు

చెక్కల పిండిలో వెన్న కాచి వేడిగా పోస్తాం. ఈ బిస్కెట్లకు అది పనికిరాదు. వెన్న ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి ముక్కలుగానే పిండిలో పడాలి. ఆ పలుకులు ఓవెన్‌లో కరిగి, వాటి చోట ఖాళీ మిగిలితేనే బిస్కెట్ గుల్లబారుతుంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం వంటగదిలో వెన్న చూస్తుండగానే జారిపోతుంది కాబట్టి ఈ పని పొద్దున్నే పెట్టుకోండి. పిండి కలిపే గిన్నెను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

సుమారు 50 బిస్కెట్లకు మైదా 150 గ్రాములు, బియ్యప్పిండి 25 గ్రాములు, ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, చెడ్డార్ చీజ్ తురుము 100 గ్రాములు కావాలి. కారం, వేయించి నలిపిన జీలకర్ర ఒక్కో టీస్పూను. వాము, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు అర టీస్పూను చొప్పున. చిటికెడు ఇంగువ, రెండు రెబ్బల కరివేపాకు సన్నటి తరుగు. ఉప్పు పావు టీస్పూను మించొద్దు. ఉప్పు వెన్న వాడితే అసలు వేయకండి, చీజ్‌లో ఉన్నదే చాలు. కరివేపాకు తడి పూర్తిగా ఆరాకే తరగండి.

చీజ్ దగ్గర రాజీపడొద్దు. శాండ్‌విచ్‌లలో వేసే ప్రాసెస్డ్ చీజ్‌లో తేమ ఎక్కువ, ఘాటు తక్కువ. బిస్కెట్ మెత్తబడుతుంది, తిన్నవాళ్లు చీజ్ వేశారా అని అడుగుతారు. బాగా మాగిన చెడ్డార్ గడ్డ కొని ఇంట్లోనే సన్నగా తురుముకోండి.

పిండ్లు, మసాలాలు కలిపి, వెన్న ముక్కలను వేళ్ల కొసలతోనే రవ్వలా నలపండి. అరచేయి తగిలితే వేడికి కరుగుతుంది. చీజ్ కలిపి, ఒకటి రెండు చెంచాల ఐస్ నీళ్లు చిలకరించి ముద్దకు తెస్తే చాలు. చపాతీ పిండిలా పిసికితే మైదా సాగి బిస్కెట్లు గట్టిపడతాయి. 4 సెంటీమీటర్ల మందం కడ్డీగా చుట్టి, కవరులో పెట్టి, కనీసం గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచండి.

ఓవెన్‌ను పావుగంట ముందే 170 డిగ్రీలకు వేడెక్కనివ్వండి. ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) అయితే పై రాడ్, కింది రాడ్ రెండూ వెలగాలి, ట్రే మధ్య అరలో ఉండాలి. కడ్డీని అర సెంటీమీటరు మందం బిళ్లలుగా కోసి, బేకింగ్ పేపర్ మీద ఎడంగా పేర్చి, 14 నుంచి 16 నిమిషాలు కాల్చండి. అంచులు బంగారు రంగుకు తిరిగితే తీసేయండి. ముదురు గోధుమ రంగు దాకా ఆగితే చీజ్ మాడి చేదెక్కుతుంది. తీయగానే మెత్తగా ఉంటాయి. చల్లారితే బిగుస్తాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి.

ట్రే మీద పరుచుకుపోయాయంటే పిండి చల్లబడలేదన్నమాట, లేదా ఓవెన్ సరిగా వేడెక్కలేదు. రెండో వాయి పెట్టేముందు ట్రేను కూడా చల్లారనివ్వాలి. మధ్యలో పచ్చిగా ఉంటే బిళ్లలు మందంగా కోశారు.

చెన్నై గాలి తేమకు డబ్బా మూత వదులైతే మర్నాటికే మెత్తబడతాయి. 150 డిగ్రీల్లో ఐదు నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. పూర్తిగా చల్లారకముందే డబ్బాలో వేయడం కూడా పొరపాటే, ఆవిరి లోపలే పడుతుంది.

చల్లటి బీరు, నిమ్మకాయ సోడా తాగే నాలుకకు కారం కాస్త తక్కువగా తెలుస్తుంది, అందుకే మసాలా ధైర్యంగా వేయండి. కడ్డీ డీప్ ఫ్రీజర్‌లో నెల దాకా నిలుస్తుంది. చుట్టాలు వస్తున్నారని ఫోన్ రాగానే తీసి, కత్తి దిగేంత మెత్తబడ్డాక కోసి, మామూలు కంటే రెండు నిమిషాలు ఎక్కువ కాల్చండి.