పంపు వేగం – కరెంటు లెక్క, 4వ పాఠం: డ్రైవ్ పెట్టాక నిజంగా ఎంత మిగులుతుంది?

పోయిన పాఠంలో మురుగునీటి సంపు దగ్గర రెండు అంకెలు రాసుకున్నాం. ఒకటి స్టాటిక్ హెడ్, అంటే సంపులో నీటి మట్టం నుంచి పైన నీళ్లు పడే చోటు దాకా ఉన్న ఎత్తు. రెండోది పైపులో రాపిడి వల్ల పోయే హెడ్. హెడ్ అంటే పంపు ఇచ్చే ఒత్తిడిని మీటర్ల ఎత్తులో చెప్పడం. ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకోండి, ఈ రోజు పని దానితోనే.

డ్రైవ్, అంటే కరెంటు హెర్ట్జ్ మార్చి మోటారు వేగాన్ని తగ్గించే, పెంచే వీఎఫ్‌డీ పరికరం, అమ్మడానికి వచ్చినవాళ్లు ముందుగా చెప్పే మాట ఒకటుంది: వేగం సగం చేస్తే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుందని. సూత్రం తప్పు కాదు. ప్రవాహం వేగంతో పాటు, హెడ్ వేగం వర్గంతో, పవర్ వేగం ఘనంతో మారతాయి. అయితే అది పంపు గుణం మాత్రమే. ఎత్తు మాత్రం పంపు వేగాన్ని బట్టి తగ్గదు. పది మీటర్లు ఎక్కించాల్సిన నీటిని ఏ వేగంలోనైనా పది మీటర్లూ ఎక్కించాల్సిందే.

ఒక లెక్క చేద్దాం. 50 హెర్ట్జ్‌లో గంటకు 200 కిలోలీటర్లు, మొత్తం హెడ్ 16 మీటర్లు. అందులో స్టాటిక్ 10, రాపిడి 6. డెలివరీ వాల్వు మూసినప్పుడు పంపు హెడ్ 22 మీటర్లు. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 60 శాతం అనుకుందాం. గంటకు కిలోలీటర్లను హెడ్‌తో గుణించి 367తో భాగిస్తే నీటికి అందే కిలోవాట్లు వస్తాయి: 8.7. దాన్ని 0.6తో భాగిస్తే మోటారు తీసుకునేది 14.5 కిలోవాట్లు. వెయ్యి కిలోలీటర్లకు 73 యూనిట్లు.

రాత్రిపూట 140 కిలోలీటర్లు చాలు. ప్రవాహం 70 శాతమైతే రాపిడి 49 శాతం, అంటే 2.9 మీటర్లు. మొత్తం హెడ్ 12.9. ఈ పంపు అక్కడికి రావాలంటే దాదాపు 42.5 హెర్ట్జ్ పెట్టాలి. గమనించండి, వేగం 15 శాతమే తగ్గింది, నీళ్లు 30 శాతం తగ్గాయి. డ్రైవ్‌లో పోయే 4 శాతం కూడా కలిపితే మోటారుకు 8.6 కిలోవాట్లు. మీటరు చూసినవాళ్లు 41 శాతం ఆదా అంటారు. కానీ వెయ్యి కిలోలీటర్లకు 61 యూనిట్లు పడుతోంది, అసలు ఆదా 16 శాతమే. ఇదే నీటిని వాల్వు సగం మూసి తోలితే 86 యూనిట్లు ఖర్చయ్యేది. దానితో పోలిస్తే ఆదా 29 శాతం. అందుకే "ఎంత మిగిలింది" అనే ముందు "దేనితో పోలిస్తే" అని అడగండి. కిలోవాట్లు చూసి సంబరపడొద్దు, కిలోలీటరుకు యూనిట్లు చూడండి. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో ఉన్న 339 ఎంఎల్‌డీ (రోజుకు 339 మిలియన్ లీటర్ల) మురుగుశుద్ధి ప్లాంటైనా, అపార్ట్‌మెంటు సెల్లారులోని చిన్న ఎస్టీపీ (మురుగుశుద్ధి ప్లాంటు) అయినా ఇదే కొలత.

రిటర్న్ స్లడ్జ్ పంపుల (అడుగున దిగిన మడ్డిని తిరిగి శుద్ధి ట్యాంకుకు పంపేవి) దగ్గర సంగతి వేరు. స్టాటిక్ 2, రాపిడి 4 మీటర్లు ఉన్నచోట అదే 70 శాతం ప్రవాహానికి కిలోలీటరుకు ఆదా 31 శాతం దాకా వస్తుంది. ఒక్క డ్రైవ్‌కే డబ్బుంటే నేను ముందు అక్కడే పెడతాను.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. మన పంపులో 34 హెర్ట్జ్ కంటే కిందికి వస్తే హెడ్ 10 మీటర్లకు చేరదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఆంపియర్లు కనిపిస్తాయి, ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) మాత్రం తెరుచుకోదు. చుక్క నీరు పైకెక్కదు, లోపలి నీళ్లు వేడెక్కుతాయి, కరెంటు దండగ. కాబట్టి డ్రైవ్‌లో కనీస వేగం తప్పక సెట్ చేయండి, ఇక్కడైతే 38 పెట్టొచ్చు. పైపులో నీటి వేగం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గినా ఇబ్బందే, ఇసుక అడుగున పేరుకుంటుంది. గుడ్డపీలికలు ఇంపెల్లర్‌కు (పంపులో తిరిగే చక్రానికి) చుట్టుకోకుండా ప్రతి స్టార్టూ పూర్తి వేగంతో ఇచ్చి, తర్వాత తగ్గించండి. రోజుకోసారి కాసేపు 50 హెర్ట్జ్‌లో నడిపితే పైపు కూడా కడిగినట్టవుతుంది.

పైసా ఖర్చు లేని ఆదా ఇంకోటుంది. సంపు మట్టాన్ని ఒక మీటరు ఎక్కువగా ఉంచితే స్టాటిక్ హెడ్ అంత తగ్గుతుంది. 12.9లో ఒక మీటరంటే దాదాపు 8 శాతం. అయితే మట్టం వచ్చే మురుగు పైపును ముంచకూడదు, ముంచితే మడ్డి అక్కడే దిగిపోతుంది.

ఈ వారం అభ్యాసం: మీ పంపును 50, 45, 40 హెర్ట్జ్‌లలో పావుగంట చొప్పున నడపండి. ఫ్లోమీటరు లేకపోతే ఇన్లెట్ గేటు కాసేపు మూసి, సంపులో మట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కొలవండి. దాన్ని మీటర్లలోకి మార్చి, చదరపు మీటర్లలో సంపు వైశాల్యంతో గుణిస్తే కిలోలీటర్లు వస్తాయి. ఎనర్జీ మీటరు రీడింగులు పక్కనే రాసి, మూడు వేగాలకూ కిలోలీటరుకు యూనిట్లు లెక్కగట్టండి. వచ్చే పాఠంలో ఏరేషన్ బ్లోయర్లకు (మురుగునీటిలోకి గాలి ఊదేవాటికి) వెళ్తాం, ప్లాంటు కరెంటు బిల్లులో పెద్ద వాటా సాధారణంగా వాటిదే.